కంగారా, బెంగా, దిగులా? పదో తరగతి అమ్మాయి గుండెదడ వెనక

పొద్దున్న ఏడున్నరకి ఆ అమ్మాయి కంచం ముందు కూర్చుంటుంది. రెండు ఇడ్లీలు, కొబ్బరి పచ్చడి. ఒక ఇడ్లీని ముక్కలు చేస్తుంది, ఆ ముక్కల్ని ఇంకా చిన్న ముక్కలు చేస్తుంది, నోట్లో మాత్రం పెట్టదు. కడుపులో తిప్పుతోంది అంటుంది. అమ్మమ్మ వాము నీళ్లు తెచ్చి ఇస్తుంది. సైకిలు తీసి కాలువ గట్టు ఎక్కేసరికి అరచేతులు చెమట పట్టి హ్యాండిల్ జారుతూ ఉంటుంది. ఊరి చివర రావిచెట్టు కింద ఫ్రెండు ఎదురుచూస్తూ కనిపిస్తే కాస్త తేలిక. హైస్కూలు గేటు కనపడగానే మళ్లీ దడ. గేటు పక్కన పక్క సెక్షన్ అబ్బాయి ఒకడు నిలబడి ఉంటే ఆ దడ ఇంకాస్త పెరుగుతుంది. అది భయమో ఇంకేదో ఆ పిల్లకే తెలియదు.

ఏమైందే అని ఎవరడిగినా ఒకటే జవాబు: "టెన్షన్‌గా ఉంది."

నేను కోనసీమలో హైస్కూలు పిల్లలకి జీవశాస్త్రం చెబుతాను. ఇక్కడ రాస్తున్న అమ్మాయి నిజానికి ఒక్కరు కాదు. ముగ్గురు నలుగురి సంగతులు కలిపి ఒకరిగా చెబుతున్నాను, ఎవరూ ఎవరినీ గుర్తుపట్టకూడదని. ఇన్నేళ్లలో నాకు అర్థమైనది ఇదీ: ఆందోళన, స్నేహం, తొలిప్రేమ అని పెద్దవాళ్లం మూడు పేర్లు పెడతాం గానీ, పదిహేనేళ్ల పిల్లకి అవి మూడూ ఒకే గుండెదడగా వస్తాయి. ఆ దడకి తప్పు పేరు పెట్టడంతోనే సగం చిక్కు మొదలవుతుంది.

టెన్షన్ అన్న మాట మీద నాకు కోపం లేదు, రోజుకి పదిసార్లు నేనూ వాడతాను. కాకపోతే అది గోనెసంచి లాంటిది. లోపల ఏం వేసి మూతి కట్టినా పైకి ఒకేలా కనిపిస్తుంది. మన ఇళ్లలో పెద్దవాళ్లు దీనికి వేరువేరు మాటలు వాడేవాళ్లు. కంగారు అంటే ఎదురుగా ఉన్న పని గురించి పడేది, పని అయిపోతే పోతుంది. బెంగ అంటే దూరంగా ఉన్న మనిషి మీద పెట్టుకునేది. దిగులుకి కారణం ఇదీ అని చెప్పలేం, ముసురు పట్టినట్టు రోజుల తరబడి ఉంటుంది. గాభరా ఒక్కసారిగా ఒళ్లంతా పట్టేస్తుంది, ఊపిరి అందదు, అక్కణ్ణించి పారిపోవాలనిపిస్తుంది. నాలుగింటికీ చెయ్యాల్సిన పని ఒకటి కాదు. ఈ అమ్మాయికి ఉన్నవి ఒకటి కంటే ఎక్కువే.

ముందు ఒంట్లో ఏం జరుగుతుందో

ప్రమాదం అనిపించగానే మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది. పరిగెత్తాల్సి వస్తుందేమోనని రక్తం కడుపు నుంచి కాళ్లూ చేతుల కండరాల వైపు మళ్లుతుంది. అందుకే ఇడ్లీ దిగదు. నోరు ఎండిపోతుంది, చేతులకి చెమట పడుతుంది. ఊపిరి వేగంగా తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, కళ్లు తిరుగుతాయి. పిల్ల ఆ తిమ్మిరి చూసి ఇంకా భయపడుతుంది, భయపడి ఇంకా వేగంగా ఊపిరి తీస్తుంది. గాభరా ఇలా తనంత తాను పెరుగుతుంది. చాలామందిలో పది నిమిషాల్లోపే అది కొసకి చేరి, తర్వాత తగ్గుముఖం పడుతుంది. ఈ ఒక్క సంగతి ముందే తెలిసి ఉంటే ఆ పది నిమిషాలు గడపడం వేరుగా ఉంటుంది. నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలమని నేను పిల్లలకి చెబుతాను. వదిలే ఊపిరి పొడుగైతే గుండె వేగం కొంచెం తగ్గుతుంది.

ఇంకోటి కూడా ఇక్కడే చెప్పాలి. దడ, ఆయాసం, నీరసం రక్తహీనతకి కూడా లక్షణాలే. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే అని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఈ వయసు ఆడపిల్లకి హీమోగ్లోబిన్ డెసిలీటరు రక్తానికి 12 గ్రాములకి తగ్గకూడదు. బడిలో వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రని వేసుకున్నట్టు నటించి కిటికీలోంచి పారేసే పిల్లల్ని నేను చూశాను. మనసు సంగతి మొదలుపెట్టే ముందు రక్తపరీక్ష, థైరాయిడ్ పరీక్ష చేయించండి. చిన్న ఖర్చుతో ఒక అనుమానం తీరుతుంది.

ఈ వయసులోనే ఎందుకు ఇంత? మెదడులో భయాన్ని, ఆవేశాన్ని పసిగట్టే అమిగ్డాలా అనే భాగం ముందే జోరు అందుకుంటుంది. ఆగు, ఆలోచించు అని చెప్పే ముందుభాగం ఇరవైలు దాటి సగం వచ్చేదాకా ఎదుగుతూనే ఉంటుంది. మన డెల్టా భాషలో చెప్పాలంటే కాలువకి నీళ్లు వదిలేశారు, లాకులు ఇంకా కడుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 10 నుంచి 19 ఏళ్ల మధ్య ప్రతి ఏడుగురిలో ఒకరు ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. రజస్వల అయ్యాక ఆందోళన, డిప్రెషన్ మగపిల్లల కంటే ఆడపిల్లల్లో దాదాపు రెట్టింపు కనిపిస్తాయి. హార్మోన్లు ఒక కారణం. ఆ వయసు నుంచి ఆడపిల్ల మీద పెరిగే చూపులు, కట్టుబాట్లు ఇంకో కారణం. రెండోది జీవశాస్త్రం పుస్తకంలో ఉండదు.

అసెంబ్లీలో ఒక కాగితం

జులైలో ఒకరోజు ఈ అమ్మాయి వంతు వచ్చింది, అసెంబ్లీలో వార్తలు చదవడం. అరఠావు మీద రాసుకొచ్చింది. మూడో వార్తలో ఒక ఊరి పేరు దగ్గర నాలుక మడతపడింది. వరసల్లోంచి ఎవరో కిసుక్కుమన్నారు, ఆ నవ్వు అంతా పాకింది. చేతిలో కాగితం జారి కింద పడింది. పక్క సెక్షన్ అబ్బాయి ఒకడు వంగి ఆ కాగితం తీసి ఇచ్చాడు. వాడు నవ్వలేదు.

మొత్తం రెండు నిమిషాల సంగతి. ఆందోళన, స్నేహం, తొలిప్రేమ, ఈ మూడు చిక్కుముళ్లూ ఆ రెండు నిమిషాల్లోనే పడ్డాయి.

మొదటిది భయం. మర్నాడు పొద్దున్న కడుపునొప్పి వచ్చింది. బడి మానేసింది. అమ్మమ్మ తర్వాత నాతో అన్నది: "ఏవిటోనండి మేడం గారూ, పొద్దున్న లేస్తే నొప్పంటాది. పది గంటలయ్యేసరికి సుబ్బరంగా తింటాది. నాటకమేమో అనుకున్నానండి." నాటకం కాదు. నొప్పి నిజం, పది గంటలకి తగ్గడమూ నిజం. ప్రమాదం అనుకున్నది దాటిపోయింది కాబట్టి ఒళ్లు ఊరుకుంది. గొడవల్లా ఆ ఊరటలోనే ఉంది. బడికి వెళ్లకపోతే హాయిగా ఉంది అని మెదడు నేర్చుకుంటుంది, ఆ పాఠం మర్నాటికి ఇంకా గట్టిపడుతుంది. మొదట అసెంబ్లీ ఒక్కటే తప్పించుకున్న పిల్ల కొన్నాళ్లకి క్లాసులో చెయ్యెత్తడం మానేస్తుంది, తర్వాత సోమవారాలు బడి మానేస్తుంది, తర్వాత వారాలకి వారాలు. నలుగురిలో మాట్లాడాలంటే వచ్చే ఈ తరహా భయం పదమూడేళ్ల చుట్టుపక్కల మొదలవడం చాలా మామూలు.

తప్పించుకుంటే పెరిగేది ఎదురెళితే తగ్గుతుంది. అయితే ఒక్కసారిగా తోసెయ్యకూడదు. "మళ్లీ నువ్వే చదవాలి, భయం పోతుంది" అని మైకు చేతికిచ్చే టీచర్లు ఉన్నారు. వాళ్ల ఉద్దేశం మంచిదే, పద్ధతి తప్పు. మెట్లు మెట్లుగా వెళ్లాలి. ముందు అసెంబ్లీలో చివరి వరసలో నిలబడటం. అది అలవాటయ్యాక ఖాళీ క్లాసులో ఫ్రెండు ఒక్కదానికి చదివి వినిపించడం. తర్వాత ఐదుగురికి. ఒక్కో మెట్టు మీద దడ దానంతట అదే సగానికి తగ్గేదాకా ఉండాలి, దడ ఎక్కువగా ఉండగా దిగిపోకూడదు. మానసిక నిపుణులు చేసే చికిత్సలో పెద్ద భాగం ఇదే.

అర్ధరాత్రి ఫోను

ఈ పిల్ల అమ్మ కువైట్‌లో ఇంటిపని చేస్తుంది. కోనసీమలో, పశ్చిమ డెల్టాలో ఇది కొత్త కథ కాదు. అప్పు తీర్చడానికో, ఇల్లు కట్టడానికో, ఈ పిల్ల పెళ్లికనో అమ్మలు గల్ఫ్ వెళతారు. పిల్లలు అమ్మమ్మల దగ్గరో మామ్మల దగ్గరో పెరుగుతారు. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ వంటింట్లో గిన్నెలు కడిగి అమ్మ ఇమో యాప్‌లో కాల్ చేసేది రాత్రి పదింటికి అనుకోండి, ఇక్కడ పన్నెండున్నర. పిల్ల నిద్ర ఆపుకుని కూర్చుంటుంది. ఈ వయసువాళ్లకి నిద్ర తెప్పించే మెలటోనిన్ అసలే పెద్దవాళ్ల కంటే ఆలస్యంగా ఊరుతుంది. కావలసింది ఎనిమిది నుంచి పది గంటల నిద్ర. దొరుకుతున్నది ఐదు, ఎందుకంటే పదో తరగతికి పొద్దున్నే స్టడీ అవర్. నిద్ర లేని మెదడుకి ప్రతి చప్పుడూ ప్రమాదంలాగే వినిపిస్తుంది.

దీనికి తోడు పరీక్షలు. 600కి ఎన్ని వస్తే నూజివీడు ట్రిపుల్ ఐటీలో సీటు వస్తుందో పల్లెల్లో ప్రతి ఇంటికీ లెక్క తెలుసు. ప్రవేశ పరీక్ష లేకుండా పదో తరగతి మార్కుల మీదే ఆరేళ్ల ఇంజినీరింగు చదువు దొరికే చోటు అది, 2008లో పెట్టారు. అమ్మ ఫోన్‌లో మొదట అడిగేది అన్నం తిన్నావా అని, రెండోది మార్కులెన్ని అని. అమ్మ తప్పేమీ లేదు. పిల్లకి మాత్రం ఆ రెండు ప్రశ్నలకీ నిజం చెప్పడం కష్టంగా ఉంటుంది.

ఇది కంగారు కాదు, బెంగ. బెంగకి ఊపిరి వ్యాయామాలు పెద్దగా పనిచెయ్యవు. అమ్మకి శుక్రవారం సెలవు దొరికితే ఆ రోజు వేళకి, తీరిగ్గా మాట్లాడుకోవడం, మిగతా రోజుల్లో పడుకునే ముందు ఒక వాయిస్ మెసేజ్ పెట్టేసి ఫోను అమ్మమ్మకి ఇచ్చెయ్యడం. ఒక ఇంట్లో ఈ చిన్న ఏర్పాటు చేశారు. రెండు వారాల్లో పిల్ల క్లాసులో కునికిపాట్లు మానేసింది.

ఇద్దరూ కలిసి నెమరు వేయడం

రావిచెట్టు కింద ఎదురుచూసే ఫ్రెండు గురించి. ఈ పిల్లకి ఆ పిల్లే ప్రాణం. నవ్వింది ఎవరు, ఎందుకు నవ్వారు, ఆ అబ్బాయి కాగితం ఎందుకు తీసిచ్చాడు, ఇచ్చేటప్పుడు ఎలా చూశాడు, నిన్న ఎందుకు చూడలేదు. గట్టు మీద వెళ్లేటప్పుడు అదే, వచ్చేటప్పుడు అదే, మధ్యాహ్న భోజనం పళ్లెం ముందూ అదే. గేదె మేత నెమరు వేసినట్టు ఒకే సంగతి మళ్లీ మళ్లీ.

అమెరికాలో అమాండా రోజ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2002లో దీని మీద పరిశోధన ప్రచురించింది. 2007లో 800 మందికి పైగా బడిపిల్లల్ని ఆరు నెలలపాటు గమనించి రాసింది. కష్టాలని కలిసి నెమరు వేసుకునే అమ్మాయిల మధ్య స్నేహం ఇంకా గట్టిపడింది, అదే సమయంలో ఆందోళన, డిప్రెషన్ లక్షణాలూ పెరిగాయి. రెండూ ఒకే పనివల్ల. అబ్బాయిల్లో స్నేహం పెరిగింది గానీ ఆందోళన పెరిగినట్టు కనపడలేదు. నాకు ఇది చదివినప్పుడు చాలా బాధేసింది. ఆ పిల్లలు చేస్తున్నది ఒకరినొకరు కాపాడుకోవడమే. మనసు విప్పి చెప్పుకుంటే బరువు తగ్గుతుందని మేమే చెబుతాం. చెప్పుకోవడం మంచిదే, చెప్పినదాన్నే నలభైసార్లు తిప్పడం వేరు.

ఇది తెలిసిన పెద్దవాళ్లు ఆ ఫ్రెండుతో తిరగొద్దు అంటారు. దయచేసి అలా అనకండి. ఈ పిల్ల బడికి వస్తున్నదే ఆ పిల్ల కోసం. 2003లో ఐసెన్‌బర్గర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం చేసిన ప్రయోగంలో, కంప్యూటర్ మీద బంతాటలో ఒకరికి బంతి వెయ్యడం మానేస్తే, ఒంటి నొప్పి బాధని నమోదు చేసే మెదడు భాగాల్లోనే కదలిక కనిపించింది. వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారని ఏడ్చే పిల్లని "ఇంతోటి దానికా" అనేవాళ్లు దీన్ని ఒకసారి తలుచుకోవాలి. నేనైతే ఇద్దరినీ కూర్చోబెట్టి ఒక పద్ధతి చెప్పాను: ఏ సంగతైనా రావిచెట్టు నుంచి లాకుల దాకా మాట్లాడుకోండి. లాకులు దాటాక దాని గురించి ఏం చెయ్యొచ్చో ఒక్కటి చెప్పుకోండి. తర్వాత వేరే కబుర్లు.

ఆ అబ్బాయి

ఇక అందరూ అసలు విషయం అనుకునేది.

1974లో డటన్, ఆరన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కెనడాలోని కాపిలానో వేలాడే వంతెన మీద ఒక ప్రయోగం చేశారు. లోయ మీద 70 మీటర్ల ఎత్తున ఊగే వంతెన అది. దాటుతున్న మగవాళ్లని ఒక యువతి కొన్ని ప్రశ్నలడిగి, వివరాలు కావాలంటే ఫోన్ చెయ్యండని నంబరు ఇచ్చింది. నంబరు తీసుకున్న 18 మందిలో 9 మంది తర్వాత ఫోన్ చేశారు. కదలని, తక్కువ ఎత్తు వంతెన మీద నంబరు తీసుకున్న 16 మందిలో ఇద్దరే చేశారు. భయంతో వచ్చిన దడని మనసు ఆకర్షణ అనుకుందని వాళ్ల నిర్ధారణ. చిన్న ప్రయోగం, దాని మీద విమర్శలున్నాయి, అన్నిటికీ అదే కొలత అని నేననను. కానీ నరసాపురం రేవులో పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కి సఖినేటిపల్లి వైపు దాటినవాళ్లకి ఇది వింతగా ఉండదు. వశిష్ఠ గోదావరి పోటు మీదుండి పంటు ఊగితే పక్కన ఎవరుంటే వాళ్ల చెయ్యి పట్టుకుంటాం. అవతలి ఒడ్డున దిగాక కూడా ఆ మనిషి మీద ఒక చనువు మిగిలి ఉంటుంది.

ఈ పిల్ల జీవితంలో అత్యంత భయపడిన నిమిషంలో ఎదురుగా కనపడిన ముఖం ఆ అబ్బాయిది. ఆ తర్వాత అసెంబ్లీ తలుచుకుంటే వచ్చే దడ, వాణ్ణి తలుచుకుంటే వచ్చే దడ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. అంతమాత్రాన వాడి మీద ఇష్టం అబద్ధమని కాదు. పదిహేనేళ్లకి కలిగే ఇష్టం నిజమైనదే, అది పోతే కలిగే బాధ కూడా. "అది ప్రేమ కాదు, ఆకర్షణ" అన్న ఉపన్యాసం వినని పిల్ల మన హైస్కూళ్లలో లేదు, దానివల్ల బాగుపడిన పిల్లని నేనింకా చూడలేదు. ఆ దడలో ఎంత భయం, ఎంత ఇష్టం అని విడదీసుకోవడానికి పిల్లకి సాయం చెయ్యడం పనికొస్తుంది. నేను అడిగే ప్రశ్నలు మామూలువి. వాడితో మాట్లాడాక తేలికగా ఉంటుందా, ఇంకా బరువుగా ఉంటుందా? వాడు అడిగినదానికి వద్దు అనగలవా? అంటే ఏమవుతుంది? ఫొటో పంపమని అడిగాడా? వాడి వయసెంత?

చివరి ప్రశ్న ముఖ్యం. అవతలివాడు తోటి విద్యార్థి కాకుండా పాతికేళ్లవాడో, పాఠం చెప్పేవాడో, రోజూ ఆటోలో దింపేవాడో అయితే అది తొలిప్రేమ కింద లెక్కకి రాదు. పిల్లల మీద లైంగిక నేరాలని అరికట్టే 2012 పోక్సో చట్టం ప్రకారం 18 నిండనివాళ్ల అంగీకారానికి విలువ లేదు. పిల్ల ఒప్పుకుంది అన్న మాట అక్కడ చెల్లదు, తప్పంతా ఆ పెద్దవాడిదే. బెదిరింపులుంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యాలి, ఆ నంబరుకి పిల్లలే చెయ్యొచ్చు.

పుస్తకంలో చీటీ దొరికిన రాత్రి ఇంట్లో ఏం జరుగుతుందో చాలాసార్లు విన్నాను. ఫోను లాక్కుంటారు, బడి మాన్పిస్తారు, మేనమామ వస్తాడు, సంబంధాల మాట వస్తుంది. భయపడే పెద్దవాళ్లు చేసే పనులివి, వాళ్ల మీద నాకు కోపం కంటే జాలి ఎక్కువ. కానీ లెక్క చూడండి. ఫోను పోతే అమ్మ పోయింది. బడి పోతే ఫ్రెండు పోయింది, మార్కులు పోయాయి. పిల్లకి ఇక మిగిలిన దిక్కు ఆ అబ్బాయి ఒక్కడే. ఏది జరగకూడదని ఇదంతా చేశారో దానికి వాళ్లే దారి వేశారు. ఆడపిల్లకి 18 లోపు పెళ్లి 2006 బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం నేరం, అది చేయించినవాళ్లు శిక్షకి గురవుతారు. ఆ రాత్రికి ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోకపోవడమే మంచిది. తిట్టకుండా, నవ్వకుండా, "ఎప్పటినుంచమ్మా ఇంత బాధపడుతున్నావు" అని అడిగే పెద్దమనిషి ఇంట్లో ఒక్కరుంటే చాలు, ఆ చీటీ కింద ఉన్న మిగతావన్నీ బయటికొస్తాయి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు

తిండి, నిద్ర, బడి ఈ మూడింట్లో ఏదైనా వారాల తరబడి చెడిపోతే, గాభరా పదేపదే వస్తుంటే, ముసురులా దిగులు వదలకపోతే ఆగకూడదు. తాయెత్తు కట్టించుకోవాలంటే కట్టించుకోండి, దాంతోపాటు డాక్టరు దగ్గరికీ వెళ్లండి. కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. బస్సు ఎక్కే వీలు లేకపోతే 14416, టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. 2022 అక్టోబరు 10న మొదలైంది, ఉచితం, ఏ వేళైనా చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఆలోచనా తీరుని సరిచేసే మాటల చికిత్సే మొదట చేస్తారు. మందులు అవసరమైతే డాక్టరే చెబుతారు, అందరికీ అవసరం పడవు. చేతి మీద కోతలు కనపడినా, నేను లేకపోతే మీకే హాయి లాంటి మాట వినపడినా, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే కొత్తగా ఆ ఆలోచన పుట్టదు. ఎవరో ఒకరు అడిగారన్న ఊరట పుడుతుంది. ఆ రాత్రి పిల్లని ఒంటరిగా వదలొద్దు.

ఈ అమ్మాయికి అంత దూరం రాలేదు. రక్తపరీక్షలో హీమోగ్లోబిన్ తక్కువ ఉంది, మాత్రలు వేసుకుంది. చివరి వరస నుంచి ఐదుగురి దాకా రావడానికి ఐదు నెలలు పట్టింది, మధ్యలో రెండుసార్లు వెనక్కి వెళ్లింది. ఆ అబ్బాయితో ఇప్పుడూ మాట్లాడుతుంది, ఎక్కువగా లెక్కల గురించి. ఆ ఇష్టం ఏమవుతుందో నాకు తెలియదు, తనకీ తెలియదు, ఇప్పుడే తెలియాల్సిన అవసరమూ లేదు.

ఫిబ్రవరిలో ఒకరోజు అసెంబ్లీలో రెండే వార్తలు చదివింది. చెయ్యి వణికి కాగితం మైకుకి తగిలి గరగర చప్పుడైంది. ఎవరూ నవ్వలేదు, అసలు చాలామంది వినలేదు కూడా. సాయంత్రం ఇంటికెళ్లాక అమ్మమ్మ అడిగిందట.

"ఇయ్యాళ కంగారా, బెంగా?"

"కంగారే అమ్మమ్మా. అయిపోయింది. ఆకలేస్తోంది."